కనమంటున్నది ఎవరిని?

2025 మార్చిలో, మహిళా దినోత్సవం సందర్భంగా, విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు ఒక నజరానా ప్రకటించారు. మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే 50 వేల రూపాయలు, మగపిల్లాడు పుడితే ఒక ఆవు. ఖర్చంతా తన జీతంలోంచే. నవ్వుకున్నవాళ్లు నవ్వుకున్నారు, మెచ్చుకున్నవాళ్లు మెచ్చుకున్నారు. ఆవుని చూసి నవ్వడం తేలికే. దాని వెనకాల వస్తున్న వాదన మాత్రం ఇవాళ దాదాపు అన్ని పార్టీల ఉమ్మడి ఆస్తి. అంతకు ముందు 2024 అక్టోబరులో చంద్రబాబు నాయుడు ఎక్కువ మంది పిల్లల్ని కనాలని పిలుపిచ్చారు. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లే స్థానిక ఎన్నికల్లో పోటీ చేసేలా చట్టం తెచ్చే ఆలోచన ఉందని కూడా అన్నారు. వెంటనే స్టాలిన్ చెన్నైలో ఒక సామూహిక వివాహాల వేదిక మీద, సగం చమత్కారంగానే అనుకోండి, 16 మందిని ఎందుకు కనకూడదన్నారు. డిసెంబరులో నాగపూర్‌లో మోహన్ భాగవత్ ఇద్దరు చాలరు, ముగ్గురు కావాలన్నారు. ఈ ముగ్గురినీ ఒకే మాట మీద నిలబెట్టగల విషయం మన రాజకీయాల్లో ఇంకొకటి నాకు గుర్తు రావడం లేదు.

వాదన అందరికీ తెలిసిందే. దక్షిణాదిలో జననాలు పడిపోయాయి. నియోజకవర్గాల పునర్విభజన జరిగితే ఉత్తరాదికి సీట్లు పెరుగుతాయి, మనకు తగ్గుతాయి. ఇంకో పాతికేళ్లకు ఎటు చూసినా ముసలివాళ్లే, పనిచేసే చేతులుండవు. ఇదంతా ఎందుకొచ్చిందయ్యా అంటే, చదువుకున్న అమ్మాయిలు ఉద్యోగాల మోజులో పడి పిల్లల్ని వాయిదా వేస్తున్నారు, ఒకరితో సరిపెడుతున్నారు. కాబట్టి వాళ్లకు నచ్చజెప్పాలి, నాలుగు డబ్బులివ్వాలి. పత్రికల్లో, టీవీల్లో దీనికి దూరదృష్టి అని పేరు. ఈ లెక్క తప్పు. అంతకన్నా ముఖ్యంగా, అది ఎవరిని ఉద్దేశించి చెబుతోందో ఆ మనిషిని ఈ వాదన ఒక్కసారి కూడా ముఖంలోకి చూసినట్టు లేదు.

(చంద్రబాబుగారికి ఒక్కడే కొడుకు, ఆ కొడుక్కీ ఒక్కడే కొడుకు కదా అని కొందరు ఎత్తిపొడుస్తుంటారు. అది నాకు నచ్చని వాదన. ఒక్కరితో ఆగడం వాళ్ల ఇష్టం. ఆ ఇష్టం మిగతా ఇళ్లకూ ఉంటుందనేదే నా గొడవంతా.)

ముందు ఒక్క అంకె చూడండి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య వయసున్న వివాహితల్లో దాదాపు 70 శాతం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. దేశంలో మరే రాష్ట్రంలోనూ ఇంత లేదు. తెలంగాణలో 60 శాతం దాటింది. మరి ఆంధ్రప్రదేశ్‌లో వేసెక్టమీ? ఒక్క శాతం కూడా లేదు, అందులో సగం కూడా లేదు. అంటే ‘ఇంకొకరిని కనండి’ అని వేదికెక్కి పిలుస్తుంటే, కింద కూర్చున్న పెళ్లయిన ఆడవాళ్లలో పదిమందిలో ఏడుగురికి ఆ పని కుదరకుండా డాక్టర్లు ఎప్పుడో కుట్టేసి పంపించారు. ట్యూబులు మళ్లీ కలిపే ఆపరేషన్ ఉంది గానీ, అది కోరుకున్న ప్రతి పల్లెటూరి మనిషికీ దగ్గర్లోని ఆసుపత్రిలో దొరికేది కాదు. చేయించుకున్నా కడుపు పండుతుందన్న భరోసా లేదు.

ఈ 70 శాతం ఊరికే రాలేదు. 1976-77లో, ఎమర్జెన్సీ రోజుల్లో, దేశంలో సుమారు 82 లక్షల ఆపరేషన్లు జరిగితే వాటిలో 62 లక్షలు మగవాళ్లకు చేసినవి. బలవంతంగా, వేటాడి, బస్సుల్లోంచి దించి చేసిన దుర్మార్గం అది. ఉత్తరాది మగవాళ్లు 1977 ఎన్నికల్లో దానికి తగిన సమాధానం చెప్పారు. (మన దగ్గర మాత్రం 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే వచ్చాయి, అది వేరే కథ.) ఆ ఎన్నికల నుంచి పాలకులు నేర్చుకున్న పాఠం బలవంతం చేయకూడదని కాదు. మగవాడి జోలికి వెళ్తే ఓట్లు పోతాయని. అప్పట్నుంచి కుటుంబ నియంత్రణ కత్తి దాదాపు పూర్తిగా ఆడవాళ్ల వైపు తిరిగింది. వేసెక్టమీ పది నిమిషాల పని, కడుపు కోయక్కర్లేదు, ట్యూబెక్టమీ కన్నా ప్రమాదం చాలా తక్కువ. అయినా సరే. మగవాళ్ల కోపానికి ఓటు విలువ ఉంది, ఆడవాళ్ల నొప్పికి లేదు. ఒక దేశపు ఆరోగ్య విధానం మొత్తం ఆ ఒక్క లెక్క మీద నడిచింది.

మన రాష్ట్రంలో అది మరీ నిష్ఠగా నడిచింది. గోడల మీద ఎర్ర త్రికోణం, ‘చిన్న కుటుంబం చింతలేని కుటుంబం’. రెండో కాన్పు కాగానే ఏఎన్ఎం ఇంటికొచ్చి, “ఇద్దరయ్యారు కదమ్మా, వేసవిలో వద్దు, చలికాలం క్యాంపులో చేయించేసుకో” అనడం తెలుగు పల్లెల్లో ఎవరికి తెలియని మాట? అత్తగారు ఊఁ అనేది, భర్త సంతకం పెట్టేవాడు, పసిబిడ్డను అమ్మ ఒళ్లో వేసి ఈవిడ బల్ల ఎక్కేది. 1997లో రాష్ట్ర జనాభా విధానం ప్రకటించి ఈ యంత్రాంగాన్ని పరుగులు పెట్టించింది కూడా చంద్రబాబు ప్రభుత్వమే. అప్పుడు తగ్గించమన్నదీ నేనే, ఇప్పుడు పెంచమంటున్నదీ నేనే అని ఆయనే చెప్పుకుంటారు కూడా. దాచుకోవాల్సిన విషయమని ఆయనకు అనిపించదు.

ఆ యంత్రాంగం ఇంకా ఆగలేదు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే డాక్టరు ఒక్క రోజులో 83 మందికి ఆపరేషన్లు చేస్తే 13 మంది చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు ఇలాంటి శిబిరాలను మూడేళ్లలో ఆపేయమంది. ఆ గడువు దాటిన దాదాపు మూడేళ్లకు, 2022 ఆగస్టు 25న, హైదరాబాద్ పక్కనే ఇబ్రహీంపట్నం ఆసుపత్రిలో శిబిరం పెట్టారు. 34 మంది ఆడవాళ్లు, ఒక్క రోజు. ఇంటికి వెళ్లాక వాంతులు, కడుపునొప్పి, ఇన్ఫెక్షన్. నాలుగైదు రోజుల్లో నలుగురు చనిపోయారు, మిగతావాళ్లను ఆదరాబాదరాగా నిమ్స్‌కి, అపోలోకి తరలించారు. సస్పెన్షన్లు, విచారణ, పరిహారం అన్నీ మామూలే. ఆ నలుగురి ఇళ్లలో ఒక్క భర్త వేసెక్టమీ చేయించుకున్నా ఆ ఇంట్లో ఆ చావు ఉండేది కాదన్న మాట మాత్రం ఏ నాయకుడూ అనలేదు. ఇలాంటి రాష్ట్రాల్లో రెండేళ్లు తిరిగేసరికల్లా జనాభా తగ్గిపోతోందని పాలకులు గుండెలు బాదుకోవడం మొదలుపెట్టారు.

ఇక ఉద్యోగాల మోజు సంగతి. ఇది అన్నిటికన్నా పెద్ద అబద్ధం, అందుకే అన్నిటికన్నా ఎక్కువగా నమ్ముతారు. అవిభక్త ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య 1992-93లో 2.6. 2005-06 నాటికే అది 1.8కి దిగింది. ఆ మధ్యలో, 2001 జనాభా లెక్కల ప్రకారం, రాష్ట్రంలో ఆడవాళ్ల అక్షరాస్యత 50 శాతం. మాదాపూర్‌లో ఐటీ కంపెనీలు అప్పుడప్పుడే పునాదులు వేసుకుంటున్నాయి. జననాల రేటును కిందికి లాగింది ల్యాప్‌టాప్ సంచి వేసుకున్న అమ్మాయిలు కాదు. నాట్లేసే ఆడవాళ్లు, బీడీలు చుట్టే ఆడవాళ్లు, పదిహేడేళ్లకు పెళ్లయి, ఇరవై ఒకటికి ఇద్దరిని కని, పాతికేళ్లు నిండకుండానే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. కేరళలో చదువు చేసిన పనిని ఇక్కడ కత్తి చేసింది. 2019-21 సర్వే నాటికి కూడా ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. దేశ సగటు 23. ఉద్యోగం కోసం పెళ్లి వాయిదా వేస్తున్న తరం అని మనం తిట్టుకుంటున్నది ఈ లోకంలోనే.

ఆ వెనకాలే ఇంకో అంకె. గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో నూటికి ముగ్గురుంటే తెలుగు రాష్ట్రాల్లో ఎనిమిది మంది పైనే. అదీ నలభై తొమ్మిదేళ్లలోపు వాళ్లలో. పిల్లలు పుట్టేశారు, ఆపరేషన్ అయిపోయింది, ఇంక ఆ సంచితో పనేముందని పక్కింటావిడ నుంచి ప్రైవేటు నర్సింగ్ హోం దాకా అందరూ చెప్పేవాళ్లే. నలభైలోపే ఎముకలు గుల్లబారి, కూలికి పోలేక కూర్చున్న ఆడవాళ్లు ఎంతమందో పల్లెల్లో ఉన్న ఎవరినడిగినా చెబుతారు.

పదిమందిలో మిగిలిన ముగ్గురి సంగతి చూద్దాం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకోనివాళ్ల సంగతి. తెలంగాణలో కాన్పుల్లో 60 శాతం పైగా సిజేరియన్లు. ఆంధ్రలో 42 శాతం. రెండు సిజేరియన్లయిన కడుపులో మూడో గర్భం అంటే మాయ పాత కుట్టుకు అతుక్కుపోయే, విపరీతంగా రక్తస్రావమయ్యే, ఒక్కోసారి గర్భసంచి తీసేస్తేగానీ ప్రాణం నిలవని ప్రమాదం పెరగడం. ఏ గైనకాలజిస్టయినా రెండో సిజేరియన్ బల్ల మీదే ‘ఇంక చాలమ్మా’ అంటుంది. ముఖ్యమంత్రులు ముగ్గురంటారు. ఈ ఇద్దరిలో ఎవరి మాట వినాలో ఆ తల్లికి బాగానే తెలుసు.

సీట్ల లెక్కకు వద్దాం, ఎందుకంటే అసలు కంగారు అక్కడిదే. లోక్‌సభ సీట్ల పంపకం ఇప్పటికీ 1971 జనాభా మీదే ఉంది. 1976లో ఒకసారి, 2001లో ఇంకోసారి దాన్ని స్తంభింపజేశారు. కారణం కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలకు నష్టం జరగకూడదనే. ఆ గడువు 2026 తర్వాత వచ్చే తొలి జనగణనతో ముగుస్తుంది, ఆ జనగణనకు కేంద్రం ప్రకటించిన తేదీ 2027 మార్చి 1. ఇప్పుడు చెప్పండి. 2024 అక్టోబరులో పిలుపిస్తే, దాన్ని నెత్తిన పెట్టుకుని పాటించినా, ఆ తేదీలోగా పుట్టగల పిల్లలెంతమంది? యాభై ఏళ్లలో పెరిగిన తేడాను రెండేళ్ల కాన్పులతో పూడ్చడం ఎవరివల్లా కాదు. ఇది ఎక్కాలు వచ్చిన పిల్లాడికి కూడా తెలుస్తుంది.

నిజానికి ఇది గర్భాలతో తేలే పంచాయితీ కాదు. ఢిల్లీలో, రాజ్యాంగంతో, సూత్రాలతో తేలాల్సింది. పదిహేనో ఆర్థిక సంఘం 2011 జనాభాను లెక్కలోకి తీసుకున్నప్పుడు దక్షిణాది గొడవ చేసింది. జననాల రేటు తగ్గించిన రాష్ట్రాలకు 12.5 శాతం వెయిటేజీ వచ్చింది. పోరాటం అలా ఉంటుంది. ఢిల్లీతో తలపడాల్సిన పనిని తీసుకొచ్చి పల్లెటూరి ఆడకూతురి కడుపులో పెట్టడం అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది. పైగా 2023లో చట్టసభల్లో ఆడవాళ్లకు మూడోవంతు సీట్ల చట్టం చేసినప్పుడు దాన్నీ ఇదే జనగణనకూ, ఇదే పునర్విభజనకూ ముడిపెట్టారు. 1996 నుంచి నానుతున్న బిల్లు అది. 2024లో లోక్‌సభకు గెలిచిన ఆడవాళ్లు 543 మందిలో 74 మంది. తలల సంఖ్య పెంచడానికి ఆడవాళ్లు వెంటనే కావాలి, ఆ తలలకు ప్రతినిధులుగా కూర్చోవడానికి మాత్రం లెక్కలు తేలేదాకా ఆగాలి. కావాలనుకుంటే ఆడవాళ్లు లేకుండానే పాలించగలమని కూడా మనవాళ్లు చూపించారు: తెలంగాణ మొదటి మంత్రివర్గంలో, 2014 నుంచి 2018 దాకా, ఒక్క మహిళా మంత్రి లేరు. ఆ నాలుగేళ్లూ మాతా శిశు సంక్షేమం మీద నిర్ణయాలు ఎవరు తీసుకున్నారో ఊహించుకోవచ్చు.

పంచాయతీల కథ ఇంకా ముచ్చటగా ఉంటుంది. 1994 పంచాయతీరాజ్ చట్టం ఒక చేత్తో ఆడవాళ్లకు మూడోవంతు పదవులిచ్చింది. రెండో చేత్తో, ముగ్గురు పిల్లలుంటే పోటీకి అనర్హులంది. ఇంట్లో ఎంతమందిని కనాలో నిర్ణయించే హక్కు లేని మనిషికి, ఆ సంఖ్య దాటిందని పదవి పోయింది. ఎక్కువగా దెబ్బతిన్నది దళిత, గిరిజన, పేద కుటుంబాల ఆడవాళ్లే. పరిశోధకురాలు నిర్మలా బుచ్ ఆంధ్రప్రదేశ్‌తో కలిపి అయిదు రాష్ట్రాల్లో చేసిన అధ్యయనంలో పదవి కోసం భార్యను వదిలేసినవాళ్లు, పిల్లల్ని దత్తతిచ్చేసినవాళ్లు, గర్భస్రావాలు చేయించినవాళ్లు బయటపడ్డారు. ఎంతమందిని కనాలన్నది ఆడవాళ్ల చేతిలో ఉండదని 2003లో సుప్రీంకోర్టు ముందు చెబితే, ఇష్టం లేకుండా మూడో బిడ్డను కనాల్సినంత నిస్సహాయులు కారు భారతీయ స్త్రీలు అని కోర్టు కొట్టిపారేసింది. ఈ నిబంధన ఎమ్మెల్యేలకు గానీ ఎంపీలకు గానీ ఏనాడూ లేదని ఎవరూ అడగరేం? వార్డు మెంబరు గర్భసంచికి ఉన్న చట్టం శాసనసభ్యుడి ఇంటికి ఎందుకు వర్తించలేదు?

2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఆ నిబంధనను ఎత్తేసింది. 2025లో తెలంగాణ మంత్రివర్గం కూడా ఎత్తేయాలని నిర్ణయించింది. మంచిదే, ముప్పై ఏళ్లు ఆలస్యంగా. కానీ ఎందుకు ఎత్తేశారు? జరిగింది అన్యాయమని కాదు. జనం కావాలి కాబట్టి. ఆ ముప్పై ఏళ్లలో అనర్హులైన ఆడవాళ్లకు ఎవరూ క్షమాపణ చెప్పలేదు. పైగా ఇద్దరికి మించి ఉన్నవాళ్లే పోటీ చేయాలన్న ఆలోచన తెరమీదికి వచ్చింది. అదే తాళం, తిప్పే దిక్కు మారింది.

‘మేం బలవంతపెట్టడం లేదు, ప్రోత్సహిస్తున్నాం’ అంటారు. 1997లోనూ బలవంతమని ఎవరూ అనలేదండీ. ప్రోత్సాహకమే అన్నారు. అది కింది దాకా వచ్చేసరికి ఏఎన్ఎంకి టార్గెట్టయింది, టార్గెట్టు అత్తగారి నోట్లో ఆజ్ఞయింది. ఇప్పుడు అదే ప్రోత్సాహకం తిరగబడి ఇంట్లోకొస్తే ఎవరి మాట నెగ్గుతుందో అంచనా వేయడం కష్టం కాదు. మూడో కాన్పుకు వెళ్లే ఇళ్లు ఎక్కువగా ఎలాంటివో మనకు తెలుసు: ఇద్దరూ ఆడపిల్లలే పుట్టిన ఇళ్లు. తెలంగాణలో పుడుతున్న పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు 894 మందే ఆడపిల్లలని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. మగపిల్లాడికి ఆవు బహుమానంగా ఇవ్వడం అలాంటి ఇళ్లలోకి ఏం తెస్తుంది?

ముసలివాళ్లు పెరుగుతారన్నది మాత్రం నిజమే. అందులో వాదన లేదు. కానీ డబ్బులిచ్చి జననాలు పెంచుదామని పదిహేనేళ్లకు పైగా ప్రయత్నించిన దక్షిణ కొరియాలో ఒక స్త్రీకి పుట్టే పిల్లల సంఖ్య 2023లో 0.72కి పడిపోయింది. అక్కడి ఆడవాళ్లు డబ్బు మాటే కాదు, ఇంటిపనంతా మా నెత్తినే ఉందని కూడా అన్నారు. మన దగ్గర? 2019 సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు. ఆ చేసే మగవాళ్లయినా నూటికి 26 మందే. చేతులు చాలవంటున్న వాళ్లు ముందు ఉన్న చేతుల్ని చూడాలి. డిగ్రీలు చేసి, బిడ్డ పుట్టగానే ఉద్యోగం మానేసి వంటింట్లో ఉన్న ఆడపిల్లలు ఎంతమంది! మనవాళ్లు డల్లాస్ వెళ్తారు, బిహార్, ఒడిశాల నుంచి వచ్చిన వాళ్లు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కడతారు. పనివాళ్లు రాష్ట్రం గర్భంలోంచే పుట్టాలన్న నియమం ఎక్కడా లేదు.

ఇంత కావాలంటున్న ప్రభుత్వాలు కన్న తల్లికి ఇస్తున్నదేమిటో కూడా చూడాలి. 2013 ఆహార భద్రత చట్టం ప్రతి గర్భిణికీ కనీసం 6 వేల రూపాయలివ్వాలంది, ఎన్నో కాన్పని అడగలేదు. 2017లో వచ్చిన మాతృవందన పథకం దాన్ని మొదటి బిడ్డకు 5 వేలుగా కత్తిరించింది. తర్వాత రెండో బిడ్డ ఆడపిల్లయితేనే ఇస్తామంది. మూడో కాన్పుకు సున్నా. ప్రసూతి సెలవు చట్టం ప్రకారం మొదటి ఇద్దరికి 26 వారాలు, ఇద్దరుండగా మూడో కాన్పయితే 12 వారాలే. 2025లో ఆంధ్ర ప్రభుత్వం తన ఉద్యోగినులకు ఆ పరిమితి తీసేసింది, అంతవరకు సంతోషమే. కలుపు తీసే ఆడమనిషికి ఏ సెలవు? ఆమె బిడ్డను చూసేది అంగన్‌వాడీ. అక్కడ కార్యకర్తకు ఇచ్చే గౌరవ వేతనం 11,500, ఆయమ్మకు 7 వేలు. 2023 డిసెంబరు నుంచి 42 రోజులు ఆ ఆడవాళ్లు సమ్మె చేస్తే అప్పటి ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా, అంటే అత్యవసర సేవల చట్టం, ప్రయోగించింది. పిల్లల్ని సాకే పని అంత అత్యవసరమైనదైతే జీతం కూడా అలాగే ఉండాలి కదా? గ్రాట్యుటీ ఇవ్వాలని సుప్రీంకోర్టు 2022లోనే చెప్పింది, దాన్ని అమలు చేయమన్నదే వాళ్ల డిమాండ్లలో ఒకటి.

ఇక తండ్రులు. ఈ చర్చ మొత్తంలో ఆ మాటే వినపడదు. ప్రైవేటు ఉద్యోగం చేసే మగవాడికి బిడ్డ పుడితే సెలవిచ్చే చట్టం మన దేశంలో లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజులు. వేసెక్టమీ చేయించుకోవాలన్న పిలుపు ఏ ముఖ్యమంత్రి నోటా వచ్చినట్టు గుర్తులేదు, బిడ్డను ఎత్తుకుని ఇంట్లో కూర్చోమన్న పిలుపు అంతకన్నా లేదు. మూడో బిడ్డ కోసం బడ్జెట్‌లో డబ్బు పెట్టదలుచుకున్న ప్రభుత్వం ఏదైనా ఉంటే, మొదటి పద్దు తండ్రి సెలవుకు, రెండోది ప్రతి ఊళ్లో సాయంత్రం ఆరింటిదాకా తెరిచి ఉండే అంగన్‌వాడీకి, మూడోది ప్రతి కాన్పుకూ చట్టం చెప్పిన 6 వేలకు రాయాలి. తల్లి పేర రాసే నజరానా ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.